పదో వంతు చాలు

*డబ్బు, సుఖం, ధర్మం ఒకే చోట ఉండాలని బద్వేలు సీమలో 1369లోనే రాతి మీద చెక్కారు. పొదుపు సంఘాల నుంచి షేర్ మార్కెట్ దాకా, పాల డెయిరీ నుంచి కంటి ఆసుపత్రి దాకా ఆ మాట ఎక్కడ నిలిచింది? ఎక్కడ గండి పడింది?*

చెరువు తవ్వించాలంటే ముందుగా ఏం కావాలి? ఏరు, నేల, రాయి, కూలీలు. ఎవరిని అడిగినా ఈ వరసే చెబుతారు. పోరుమామిళ్ల శాసనం ఆ వరస మార్చింది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలంటూ మొదటి చోటు మనిషికి ఇచ్చింది. ధర్మబుద్ధి కలవాడు, డబ్బున్నవాడు, సుఖంగా ఉన్నవాడు, చెరగని కీర్తి కోరుకునేవాడు అయిన ప్రభువు ఉండాలంది. నీటి శాస్త్రం తెలిసిన పండితుడిది రెండో స్థానం. గట్టి బంకనేల, తియ్యటి నీళ్ల ఏరు, కొండల నడుమ మరీ పొడుగు కాకుండా గట్టిగా నిలిచే రాతికట్ట, దగ్గర్లో రాతిగని, కింద చదునైన పొలాలు, ఇవన్నీ ఆ తర్వాతే. పనితనం తెలిసిన కూలీల దండుతో పన్నెండూ పూర్తవుతాయి.

బద్వేలు నుంచి ఉత్తరంగా ముప్ఫై కిలోమీటర్లు అటూ ఇటూగా పోతే పోరుమామిళ్ల. అక్కడి చెరువును తవ్వించింది విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు. భవదూరుడని ఆయనకు మరో పేరు. ఉదయగిరి నుంచి ఈ సీమను ఏలినవాడు. శక సంవత్సరం 1291లో, అంటే క్రీ.శ. 1369లో వేయించిన సంస్కృత శాసనంలో పని లెక్క కూడా ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల కష్టం. తర్వాతి రోజుల్లో మహాభారత పరిష్కర్తగా పేరు పొందిన వి.ఎస్. సుక్తంకర్ ఈ శాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో ప్రకటించారు.

ధర్మం ఉండాలన్నారు, సరే. డబ్బు లేనిదే వెయ్యి మందికి కూలి ఇవ్వలేరు కాబట్టి అదీ సరే. మరి సుఖంగా ఉండాలని ఎందుకన్నట్టు? ఇంకా చాలలేదని లోపల వెలితి పడేవాడికి ఎంత ధనమున్నా చేతులు రావు. అలాంటివాడు చెరువు తవ్వడు, తవ్వినా తూము తన పొలం వైపే పెడతాడు. సొంత అవసరం తీరి, ఇక చాలు అనుకోగలిగినవాడే పదిమంది పొలాల్లోకి నీళ్లు వదలగలడు. ఆ ఒక్క విశేషణం వెనక ఇంత అనుభవం ఉంది.

ఇప్పుడు ఇలాంటి పనికి సామాజిక వ్యాపారం అని పేరు. పదిమందికి మేలు చేస్తూనే తన కాళ్ల మీద తాను నిలబడే వ్యాపారమని అర్థం. గడిచిన ముప్ఫై, నలభై ఏళ్లలో దేశంలో ఇలాంటి ప్రయోగాలు ఎక్కువగా జరిగిన చోట్లలో మన తెలుగు నేల ఒకటి. కొన్ని నిలిచాయి. కొన్ని ఊళ్లను ముంచాయి.

దశబంధం బేరం

రాజు తవ్విస్తే అది దానం. రాజు కానివాడు తవ్విస్తే? దానికీ రాయలసీమలో ఒక ఏర్పాటు ఉండేది. పేరు దశబంధం. నాలుగు డబ్బులున్న రైతో, షావుకారో సొంత ఖర్చుతో చెరువో బావో తవ్విస్తే, ఆ నీటి వల్ల వచ్చే ఆదాయంలో పదో వంతు అతనికి చెందేది. కొన్ని చోట్ల దానికి బదులు ఇనాం భూమి దక్కేది. పేరులో పది ఉన్నా లెక్క ఊరూరికీ మారేది. షరతు మాత్రం ఎక్కడైనా ఒకటే. కట్ట మరమ్మతు తవ్వించినవాడిదే, అతని తర్వాత అతని వారసులదే. మరమ్మతు మానేస్తే ఇనామూ చెయ్యి జారేది. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్త మండలాల కలెక్టరుగా ఉన్న కాలానికి ముందు నుంచే ఉన్న పద్ధతి ఇది. దొరల ప్రభుత్వం కూడా ఈ ఇనాములను గుర్తించక తప్పలేదు.

బేరం ఎంత నికార్సయినదో చూడండి. డబ్బు పెట్టినవాడికి లాభం ఉంది, దానికి సిగ్గుపడాల్సిన పనిలేదు. ఆ లాభానికి హద్దూ ఉంది. పంట పండితేనే వాటా కాబట్టి చెరువు ఎండితే రైతుతో పాటు అతనికీ ఎండినట్టే. పైగా లాభం తీసుకుని వెళ్లిపోయే వీల్లేదు. కట్టకు నెర్రె పడితే తట్టా పారా పట్టుకుని రావాల్సింది అతనే.

బంగ్లాదేశ్‌లో గ్రామీణ్ బ్యాంకు స్థాపించి, 2006లో ఆ బ్యాంకుతో కలిసి నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మహమ్మద్ యూనస్ ఇంతకంటే కఠినంగా గీత గీశారు. సామాజిక వ్యాపారంలో పెట్టిన అసలు వెనక్కి తీసుకోవచ్చు గానీ, పైన ఒక్క పైసా డివిడెండు ముట్టకూడదన్నారు. వినడానికి గొప్పగా ఉంటుంది. పెట్టుబడి పెట్టేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే మిగులుతారు. అవతలి కొసన షేర్ మార్కెట్ ఉంది. అక్కడ లాభానికి హద్దన్నదే లేదు. మన పాత దశబంధం ఈ రెంటి మధ్యా నిలబడింది. సున్నా కాదు, హద్దు లేకుండా పోవడమూ కాదు, పదో వంతు.

రోజుకో రూపాయి

భాస్కరుడు ఏలిన ఉదయగిరి ఇప్పుడు నెల్లూరు జిల్లాలో ఉంది. బద్వేలుకు తూర్పున కొండలు దాటితే ఆ జిల్లానే. అక్కడి దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ వెంటనే మొదలైంది పొదుపు లక్ష్మి. సారా పాలు కాకుండా మిగిలిన డబ్బులోంచి ఒక్కో మహిళ రోజుకో రూపాయి దాచడం, దాన్ని సంఘంలోనే ఒకరికొకరు అప్పు ఇచ్చుకోవడం దాని పద్ధతి. అదే దారిలో డ్వాక్రా సంఘాలు విస్తరించాయి, తర్వాత వెలుగు పథకం, బ్యాంకు లింకేజీలు వచ్చాయి. ఇప్పుడు బద్వేలు చుట్టుపక్కల పొదుపు సంఘం లేని ఊరు లేదు.

సంఘం మీటింగు ఎలా నడుస్తుందో ఒకసారి చూడాలి. ఎవరో ఒకరి ఇంటి పంచలో చాప పరుస్తారు. పది, పన్నెండు మంది కూర్చుంటారు. పొదుపు, అప్పు కంతు, వడ్డీ అని గీతలు గీసిన పుస్తకం మధ్యలో ఉంటుంది. ఒక్కొక్కరే కొంగు ముడి విప్పి ఇస్తుంటే చదువు వచ్చిన పిల్ల పేరుపేరునా రాసుకుంటుంది. లెక్క కలిశాక అసలు కచేరీ మొదలవుతుంది.

"ఈ తూరి నాకు కావాలక్కా, పిల్లోడి ఫీజు కట్టాల."

"పోయిన నెల కంతు కట్టనే లేదు గదమ్మే నువ్వు."

"బర్రె వట్టిపోయింది, యాడ నుంచి తెచ్చేది?"

వాదన నడుస్తుంది. చివరికి ఆమెకే ఇద్దామని ఒకరంటారు, రెండు నెలల్లో సర్దాలని ఇంకొకరంటారు. తీర్మానాల పుస్తకంలో వరసగా సంతకాలు పడతాయి.

ఈ కాస్త మాటలో పెద్ద సంగతి దాగి ఉంది. బర్రె వట్టిపోయిన విషయం అప్పు ఇచ్చేవాళ్లందరికీ తెలుసు. ఎవరికి ఎంత మోయగలిగే శక్తి ఉందో లెక్కగట్టడానికి వాళ్లకు కంప్యూటరు అక్కర్లేదు. వడ్డీ బయటికి పోదు, తిరిగి సంఘం నిధిలోకే చేరుతుంది. బయట షావుకారు దగ్గర రెండు రూపాయల వడ్డీకి పదివేలు తెస్తే నెలకు 200, ఏడాదికి 2,400 వడ్డీ కిందే పోతాయి. అవసరం ముదిరిన కొద్దీ ఆ రెండు మూడవుతుంది, ఐదవుతుంది. సంఘం చేతిలో పుస్తకం ఉంటే ఆ భయం సగం తగ్గుతుంది.

సంఘాలన్నీ మచ్చలేనివేమీ కావు. లీడరు ఇంటికే పెద్ద అప్పు పోయిన సంఘాలున్నాయి. వట్టి కాగితాల మీదే మీటింగులు నడిపిన సంఘాలూ ఉన్నాయి. అయినా ఇది అందులో కూర్చున్నవాళ్లు తవ్వుకున్న చెరువు. తూము తాళం వాళ్ల దగ్గరే ఉంది.

నీళ్లు ఎక్కువ, నేల తక్కువ

పొదుపు సంఘాలు వేసిన బాటలోనే 1990ల చివర్లో సూక్ష్మ రుణ సంస్థలు వచ్చాయి. విజయ్ మహాజన్ 1996లో హైదరాబాద్ కేంద్రంగా బేసిక్స్ మొదలుపెట్టారు. గుంటూరులో స్పందన పుట్టింది. అమెరికాలో చదువుకుని వచ్చిన విక్రమ్ ఆకుల అప్పటి మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో ఎస్‌కెఎస్‌కు నాంది పలికారు. బ్యాంకులు గడప తొక్కనివ్వని పేదలకు అప్పు ఇవ్వాలి, ఆ వ్యాపారం తన ఖర్చులు తానే సంపాదించుకోవాలి. ఉద్దేశాన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

చిక్కు లెక్కలో వచ్చింది. పదివేల అప్పు తీసుకుంటే వారానికి 225 చొప్పున 50 వారాలు కట్టాలనుకుందాం. మొత్తం 11,250. పైకి పన్నెండున్నర శాతం వడ్డీలా కనిపిస్తుంది. అసలు వారంవారం తగ్గిపోతున్నా వడ్డీ మాత్రం పూర్తి పదివేల మీదే పడుతుంది కాబట్టి నికరంగా తేలేది ఏడాదికి సుమారు 25 శాతం. షావుకారు చెప్పే రెండు రూపాయల వడ్డీకి ఇది పెద్ద దూరం లేదు. పైగా షావుకారు పంట వచ్చేదాకా ఆగుతాడు, వారం కంతు ఆగదు. వేరుశనగ నాలుగు నెలలకు ఒకసారి డబ్బు చూపిస్తుంది. కంతు ఏడు రోజులకోసారి తలుపు తడుతుంది.

2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు దాదాపు 50 శాఖలకు తాళాలు వేయించారు. ఆ హెచ్చరిక ఎవరికీ ఎక్కలేదు. పెట్టుబడి కంపెనీల డబ్బు ఇంకా జోరుగా వచ్చి పడింది. ఒకే వీధిలో మూడు, నాలుగు సంస్థలు, ఒకే ఆడమనిషికి అన్నింటి అప్పులూ. ఒకరి కంతు కట్టడానికి ఇంకొకరి దగ్గర తీసుకోవడం మొదలైంది. 2010 ఆగస్టులో ఎస్‌కెఎస్ స్టాక్ మార్కెట్‌లోకి అడుగుపెట్టింది. షేరు ధర 985 రూపాయలు. అమ్మకానికి పెట్టిన షేర్లకు పదమూడు రెట్లకు పైగా గిరాకీ వచ్చింది. సమకూరిన మొత్తం సుమారు 1,650 కోట్ల రూపాయలు. అదే సమయంలో పల్లెల నుంచి వసూళ్ల వేధింపుల కథలు, ఆత్మహత్యల వార్తలు వస్తున్నాయి. రెండు నెలలు తిరిగేసరికి, అక్టోబరు 15న, రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారం కంతులు ఆపి నెలవారీ చేయాలని, ఇళ్ల మీదికి వెళ్లి వసూలు చేయకూడదని, జిల్లాలో రిజిస్టరు చేసుకోకుండా అప్పులు ఇవ్వకూడదని కట్టడి చేసింది.

అంతదాకా 99 శాతం ఉన్న వసూలు పది శాతం దరిదాపులకు పడిపోయింది. మార్కెట్‌కు వెళ్లని బేసిక్స్ కూడా ఆ దెబ్బకు కుదేలైంది. విక్రమ్ ఆకుల 2011 నవంబరులో ఎస్‌కెఎస్ నుంచి తప్పుకున్నారు. ఆ సంస్థ పేరు మార్చుకుని, 2019లో ఒక ప్రైవేటు బ్యాంకులో కలిసిపోయింది.

ఆర్డినెన్స్ సంపూర్ణ విజయమని చెప్పడానికీ లేదు. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ అనే ఆర్థికవేత్తలు ఈ సంక్షోభం మీద పరిశోధించారు. ఇక్కడ డబ్బు మునిగిన సంస్థలు ఇతర రాష్ట్రాల్లోనూ అప్పులు తగ్గించుకున్నాయి. అలా తగ్గిన జిల్లాల్లో అప్పు తీసుకోనివాళ్లకు కూడా కూలి రేట్లు పడిపోయాయని, కుటుంబాల ఖర్చు కుంచించుకుపోయిందని వాళ్లు చూపించారు. వరద ముంచింది, తూము ఒక్కసారిగా మూసేస్తే కరవూ వచ్చింది.

అప్పు జీవితాలను మార్చేస్తుందన్న మాటకూ హైదరాబాద్‌లోనే పరీక్ష జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరో ఇద్దరితో కలిసి 104 బస్తీలను తీసుకుని, సగం చోట్ల స్పందన శాఖలు తెరిచాక ఏమైందో చూశారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు దాన్ని కాస్త పెంచుకున్నారు. పొగాకు, బయటి చిరుతిళ్ల మీద ఖర్చు తగ్గింది. ఆరోగ్యంలో, పిల్లల చదువులో, ఇంట్లో ఆడవాళ్ల మాటకు విలువలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అప్పు పనికొచ్చే వస్తువే, మంత్రదండం మాత్రం కాదు.

చెరువుకు ఆరు దోషాలు

*పోరుమామిళ్ల శాసనం చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు కూడా చెప్పింది. పదిమందికి పనికొచ్చే వ్యాపారానికి వాటిని అన్వయిస్తే ఇలా ఉంటుంది.*

కట్ట ఊట: కట్టలోంచి నీరు ఊరిపోవడం. వచ్చే ఆదాయమంతా జీతాలు, కార్లు, మీటింగులకే కారిపోయే సంస్థ.

చవుడు నేల: ఆదాయం పుట్టని చోట అప్పు పారించడం. నీళ్లు పెట్టినా మొలక రాదు.

రెండు రాజ్యాల సరిహద్దు: అప్పుల సంస్థలకు లైసెన్సు ఇచ్చింది రిజర్వు బ్యాంకు, కట్టడి చేసింది రాష్ట్ర ప్రభుత్వం. 2010లో ఎవరి మాట చెల్లాలో తేలేసరికి అంతా అయిపోయింది.

నడుమ మెట్ట: చెరువు కడుపులో తాబేలు వీపులా లేచిన దిబ్బ. సంఘం సొమ్మును నడుమ ఆపేసుకునే లీడరు, దళారి.

నీళ్లు తక్కువ, ఆయకట్టు ఎక్కువ: పిడికెడు పెట్టుబడితో జిల్లా మొత్తాన్ని మారుస్తామనే ప్రకటన.

నీళ్లు ఎక్కువ, నేల తక్కువ: 2010 కథ మొత్తం ఈ ఒక్క ముక్కలో ఉంది.

ఎంతయితే సుఖం?

డబ్బుతో సుఖం వస్తుందా అన్న ప్రశ్నను రిచర్డ్ ఈస్టర్లిన్ 1974లో లెక్కలతో ముందుకు తెచ్చారు. ఒకే దేశంలో ధనికులు పేదల కంటే ఎక్కువ సంతోషంగా ఉన్నామంటారు, దేశం మొత్తం ధనికమైతే మాత్రం సంతోషం ఆ మేరకు పెరగదన్నారు. 2010లో డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ అమెరికాలో ఏడాదికి 75,000 డాలర్లు దాటాక రోజువారీ సంతోషం పెరగడం ఆగిపోతుందన్నారు. 2021లో మాథ్యూ కిలింగ్స్‌వర్త్ కాదు, పెరుగుతూనే ఉందన్నారు. చివరికి కానెమన్, కిలింగ్స్‌వర్త్ కలిసి కూర్చుని లెక్కలు సరిచూసుకుని 2023లో తేల్చిందేమంటే, చాలామందికి డబ్బుతో పాటు సంతోషం పెరుగుతూనే ఉంటుంది. బాగా దిగులులో ఉన్న అయిదో వంతు మందికి మాత్రం ఒక హద్దు దాటాక ఎంత వచ్చినా దిగులు తగ్గదు.

బద్వేలుకు అమెరికా లెక్క కంటే దగ్గరిది ఇంకోటి ఉంది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి బుద్ధికి సంబంధించిన పరీక్షలు పెట్టారు. 2013లో సైన్స్ పత్రికలో అచ్చయిన ఆ పరిశోధనలో, డబ్బుకు కటకటగా ఉన్నప్పటి కంటే పంట అమ్మాక అదే రైతులు మెరుగ్గా చేశారు. మనిషి మారలేదు, తల మీది బరువు దిగింది. అప్పులవాడు వాకిట్లో ఉన్నప్పుడు బుర్ర పనిచేయదని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

కువైట్ డబ్బు తెచ్చే మార్పు ఉమ్మడి కడప జిల్లాలో చెప్పక్కర్లేదు. బద్వేలు, రాజంపేట, రాయచోటి పల్లెల నుంచి డ్రైవర్లుగా, ఇంటిపనికి వెళ్లినవాళ్ల సంపాదనతో పాత అప్పులు తీరాయి, మిద్దెలు లేచాయి, ఆడపిల్లల పెళ్లిళ్లు జరిగాయి. మొదటి ఏళ్లలో వచ్చే రూపాయికి ఉన్న తృప్తి ఎదురులేనిది. అప్పు తీరిన రోజు కంటి నిండా నిద్రపట్టిందని చెప్పేవాళ్లు ఎందరో. ఆ తర్వాతి మిద్దె మీద మిద్దెకు అంత తృప్తి ఉండదు. పిల్లలు తల్లిని వీడియో కాల్‌లోనే చూస్తూ పెరగడమూ ఆ లెక్కలోకే వస్తుంది.

2008లో ఎలిజబెత్ డన్, ఆమె సహచరులు కొందరికి ఐదు డాలర్లు, కొందరికి ఇరవై డాలర్లు ఇచ్చి, సగం మందిని తమకోసం, సగం మందిని ఇతరుల కోసం ఖర్చు చేయమన్నారు. సాయంత్రానికి ఎక్కువ సంతోషంగా ఉన్నవాళ్లు ఇతరుల కోసం ఖర్చు పెట్టినవాళ్లే. ఐదా, ఇరవయ్యా అన్నదానితో తేడా రాలేదు.

ఈ లెక్కలన్నీ కలిపితే తేలేది సూటిగా ఉంది. డబ్బు ముందు భయం తీర్చాలి. తర్వాత ఆ డబ్బు మీద మన మాట చెల్లాలి. మిగిలినదానిలో కొంత చేతులు దాటాలి. ఈ మూడూ జరిగిన చోట సుఖం ఉంది.

నిలిచిన కట్టలు

హన్మకొండ జిల్లా ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి 1956లో సహకార సంఘం పెట్టారు. రైతుకు విత్తనం నుంచి పంట అమ్మకం దాకా ఆ సంఘమే దన్ను. 1995లో పరస్పర సహాయ సహకార చట్టం వచ్చాక, ప్రభుత్వ పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకునే వీలు కలిగింది. ఆ దారిలోనే ముల్కనూరు ఆడవాళ్లు 2000లో స్వకృషి డెయిరీ కట్టుకున్నారు. పాలు పోసేవాళ్లే యజమానులు. మిగులు వస్తే బోనస్‌గా వాళ్లకే చేరుతుంది.

మన సీమలోనే, చెన్నేకొత్తపల్లి దగ్గర బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం 1990లో టింబక్టు కలెక్టివ్ మొదలుపెట్టారు. బోడి కొండలను ఊళ్లవాళ్లతో కలిసి పచ్చబరిచారు. రైతులే సభ్యులుగా ధరణి సహకార సంఘం కొర్ర, సామ లాంటి చిరుధాన్యాలు, వేరుశనగ కొని, శుభ్రం చేసి, పట్నాలకు అమ్ముతోంది. వానమీదే బతికే పొలంలో పండిన కొర్రకు గిట్టుబాటు ధర రావడం చిన్న విషయం కాదని ఇక్కడి రైతుకు చెప్పక్కర్లేదు.

హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో ప్రారంభించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిది వేరే దారి. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. డబ్బున్న రోగి ఫీజు కడతాడు. ఆ ఆదాయం, దాతల సాయం కలిసి దాదాపు సగం మందికి ఉచితంగా చూపు ఇస్తున్నాయి. ఫీజు కట్టేవాడికి నాసిరకం వైద్యం చేస్తే వాడు ఇంకోచోటికి పోతాడు, ఉచితమూ ఆగిపోతుంది. కాబట్టి నాణ్యతే ఇక్కడ కట్ట.

మూడు దారులూ వేరు. అయినా మిగులు ఎటు పారాలో మూడు చోట్లా ముందే రాసిపెట్టుకున్నారు. 2010 సంక్షోభం తర్వాత రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ కూడా చివరికి ఇదే దారికి వచ్చింది. 2011 జనవరిలో ఇచ్చిన నివేదికలో సూక్ష్మ రుణాల వడ్డీకి 24 శాతం, సంస్థ మిగుల్చుకునే మార్జిన్‌కూ ఒక హద్దు సూచించింది. హద్దు ముందే ఉండి ఉంటే అన్ని కాపురాలు కుదేలయ్యేవి కావు.

ఇక బద్వేలు సంగతి

బద్వేలు వట్టి మెట్టసీమగా మిగిలిపోలేదు. తెలుగుగంగ నీళ్లు 17 టీఎంసీలకు పైగా పట్టే బ్రహ్మంసాగరంలో నిలుస్తున్నాయి. పక్కనే గోపవరం మండలంలో సెంచరీ ప్లై ఫ్యాక్టరీకి 2021 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, అది 2023లో తెరుచుకుంది. జామాయిలు, సుబాబుల్ లాంటి సాగుకలప పెంచే రైతుకు గుమ్మం దగ్గరే కొనేవాడు దొరికాడు. అది సామాజిక వ్యాపారమని కంపెనీ చెప్పుకోలేదు, చెప్పుకోనక్కర్లేదు. ఊరు మాత్రం ప్రశ్నలు అడగొచ్చు. టన్నుకు ధర ఎవరు నిర్ణయిస్తున్నారు? కాటా ఎవరి చేతిలో ఉంది? చెట్టు కోతకొచ్చే నాలుగైదేళ్లు రైతు ఇల్లు దేంతో గడవాలి? రైతులు సంఘంగా కూడి ఒక్క గొంతుతో బేరమాడితే, ప్రైవేటు ఫ్యాక్టరీ కూడా ఊరికి చెరువంత ఉపయోగపడుతుంది. ఒక్కొక్కరుగా లారీ వెంటబడితే నడుమ మెట్టలు లేస్తాయి.

కువైట్ నుంచి పదిహేను లక్షలతో తిరిగొచ్చి గానుగ పెట్టాలనుకునే కుర్రవాడికీ ఇదే లెక్క. ఊళ్లో వేరుశనగ ఎంత వస్తుందో చూసి యంత్రం కొనాలి. యంత్రం కొన్నాం కదా అని కాయ కోసం అప్పులు పంచకూడదు. రైతుకు ధర ఎంత, తనకు పదో వంతో ఎనిమిదో వంతో వాటా ఎంత, మరమ్మతుకు పక్కన పెట్టేది ఎంత అని మొదటి రోజే పుస్తకంలో రాసి ఊరందరికీ చూపించాలి. పంట పోయిన ఏడు తన వాటా కూడా తగ్గుతుందని అందులోనే ఉండాలి. దీనివల్ల అతను దానకర్ణుడైపోడు. వ్యాపారే. మంచి ఏడాదిలో బాగానే సంపాదిస్తాడు, చెడ్డ ఏడాదిలో రైతు అతన్ని వదిలి పోడు.

లాభం ఎంత వస్తుందో లెక్కగట్టడం ఏ ఆడిటరైనా నేర్పుతాడు. ఎంత చాలో లాభం రాకముందే కాగితం మీద పెట్టడమే కష్టం. లాభం వచ్చాక ఆ అంకె ఎవరి చేతా రాయించలేం.